పూర్, ఇండిజెంట్, డెస్టిట్యూట్, పాపర్... అన్నిటికీ "నిరుపేద" అని రాసేస్తే సరిపోతుందా?

తర్జుమా తంటాలు:
ఒక లాయర్ గారి ఆఫీసులో ఇంగ్లీషు కాగితాలు తెలుగులోకి రాసే పని నాది. ఒకావిడ, భర్త పోయాక అత్తింటివాళ్లు వాటా ఇవ్వకపోతే దావా వేస్తున్నారు. పిటిషన్‌లో ఆవిడ్ని ఇండిజెంట్ పర్సన్ అన్నారు. మా దగ్గరున్న పాత నమూనాలో దానికి "నిరుపేద" అని ఉంది. చదివి వినిపిస్తే ఆవిడకి కోపం వచ్చింది. "నేను నిరుపేదనేంటండీ, కుట్టుమిషను మీద ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను, ఏనాడూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు, ఆ మాట తీసేస్తేనే సంతకం పెడతా" అని కూర్చున్నారు. డిక్షనరీ తీస్తే పూర్, నీడీ, ఇండిజెంట్, డెస్టిట్యూట్, పాపర్ అన్నిటికీ అటూ ఇటూ ఒకటే అర్థం ఇస్తోంది. అసలు తేడా ఏంటి, వాడేవాళ్లు ఎక్కడ ఏది వాడతారు? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకోటు:
ఆవిడ కోపం న్యాయమైనదే. ఇండిజెంట్ అంటే తిండికి లేనివాడని కాదు, ఫలానా ఖర్చు పెట్టుకునే స్తోమత లేనివాడని. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే చట్టం)లో ఆర్డర్ 33 అనే భాగం చూడండి. చట్టం అడిగేది ఒక్కటే, ఈ దావాకి కట్టాల్సిన కోర్టు ఫీజు కట్టగలిగేంత ఆస్తి ఈ మనిషికి ఉందా లేదా అని. ఆ లెక్కలో కూడా గొడవలో ఉన్న ఆస్తిని కలపరు, జప్తు చేయడానికి వీల్లేనివాటినీ కలపరు. అదే కోడ్ సెక్షన్ 60 ప్రకారం ఒంటి మీద బట్టలు, వంట గిన్నెలు, మంచం, పరుపు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీంచి తీయకూడని నగలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు జప్తు చేయకూడదు. అంటే ఆవిడ కుట్టుమిషను దర్జాగా ఇంట్లో ఉండగానే ఇండిజెంట్ అవుతారు. ఆస్తి ఆవిడ స్వాధీనంలో లేదు కాబట్టి వాటా విలువని బట్టి ఫీజు పడుతుంది, అది వేలల్లోనో లక్షల్లోనో తేలితే నెలకింత సంపాదించుకునే మనిషైనా ఎక్కణ్నుంచి తెస్తుంది? పైగా ఇదేమీ దానం కాదు. కేసు గెలిస్తే ఆ ఫీజు గవర్నమెంటు తర్వాత వసూలు చేసుకుంటుంది.

ఈ ఆర్డర్‌లో మొదట ఉన్న మాట పాపర్. 1976 సవరణలో దాన్ని తీసేసి ఇండిజెంట్ పర్సన్ అని పెట్టారు. ఇంగ్లండులో పాపర్ అంటే ఉత్త పేదవాడు కాదు, పూర్ లా కింద సర్కారు సాయం మీద బతుకుతున్నవాడని ముద్ర. 1834 చట్టం తర్వాత పని చేయగలిగినవాళ్లకి సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో, అంటే పేదల్ని ఉంచి పని చేయించే చోట, చేరాల్సి వచ్చేది, అక్కడ మొగుణ్నీ పెళ్లాన్నీ పిల్లల్నీ విడివిడిగా ఉంచేవాళ్లు, ఆ సాయం తీసుకున్నవాడికి ఓటు కూడా ఉండేది కాదు. అందుకే ఆ మాటలో అంత అవమానం.

ఇంకో సంగతి, అడక్కపోయినా చెప్తున్నా. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, కోర్టు ఫీజు కూడా అందులోకి వస్తుంది. మీ లాయర్ గారిని ఒకసారి అడగండి.

సర్వే మాస్టారు:
డెస్టిట్యూట్ గురించి నేను చెప్తా. 2011 సామాజిక ఆర్థిక కులగణనలో గ్రామీణ ఇళ్ల లెక్క మూడు జల్లెళ్లు పట్టారు. ఫ్రిజ్, ల్యాండ్‌లైన్, మోటారు బండి లాంటివి ఒక్కటి ఉన్నా ఇల్లు పేదల లెక్కలోంచి బయటికి. ఇంకే ప్రశ్నా లేకుండా నేరుగా లోపలికి తీసుకునేవాళ్లు కొందరు: నిలువ నీడ లేనివాళ్లు, చేత్తో మలం ఎత్తే పనివాళ్లు, వెట్టి నుంచి చట్టప్రకారం విడుదలైనవాళ్లు, ఆదిమ గిరిజన తెగలవాళ్లు, ఇంకా "డెస్టిట్యూట్, బిచ్చం మీద బతికేవాళ్లు". చూశారా, డెస్టిట్యూట్ పక్కన ఎవరున్నారో. అది గతి లేని స్థితి. రెక్కాడితే గాని డొక్కాడని కూలి మనిషి పూర్ అవుతాడు గాని డెస్టిట్యూట్ కాడు, రేపు పనికి పిలిస్తే వెళ్లడానికి రెక్కలున్నాయి కదా.

మిగిలిన ఇళ్లకి డిప్రైవేషన్ లెక్క, అంటే ఏమేం లేవో చూసే లెక్క, మొత్తం ఏడు అంశాలు. పాతికేళ్లు దాటినవాళ్లలో చదువొచ్చినవాళ్లు ఒక్కరూ లేకపోతే ఒకటి, ఒకే గది కచ్చా ఇల్లయితే ఒకటి, భూమి లేక కూలి మీదే బతికితే ఇంకొకటి, ఇలా. డిప్రైవ్డ్ అనగానే "దేనికి?" అని అడగాలి, చదువుకా, గూడుకా, భూమికా. డబ్బు ఒక్కటే కాదు.

హ్యూస్టన్ గోంగూర:
కోర్టులు, సర్వేలు సరే, మామూలు మాటల్లో ఏం వాడాలో కూడా చెప్పుకుందాం. నెలాఖరుకి జేబులో చిల్లిగవ్వ లేకపోతే బ్రోక్ అంటారు, జీతం పడగానే అది పోతుంది. ఇక్కడ లక్ష డాలర్ల జీతగాడు కూడా ఇల్లు కొన్న నెల "ఐ యామ్ బ్రోక్" అంటాడు, ఎవరూ ఏమీ అనుకోరు, అదే "ఐ యామ్ పూర్" అంటే మాత్రం ఎదుటివాడు ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోతాడు. ఇంపావరిష్డ్ అన్నప్పుడు ఏదో పీల్చేసిందన్న ధ్వని ఉంటుంది, అప్పులతో చితికిపోయిన కుటుంబానికి వాడతారు, సారం పోయిన నేలకీ అదే మాట. బతికి చెడ్డవాళ్లు అని మనం అంటామే, దానికి కాస్త దగ్గర.

నీడీతో జాగ్రత్త. నీడీ ఫ్యామిలీస్ అంటే సాయం అవసరమైనవాళ్లు. అదే ఆఫీసులో ఒకమ్మాయిని షి ఈజ్ నీడీ అన్నారనుకోండి, అస్తమానం ఎవరో ఒకరు తనని పట్టించుకోవాలి అనే రకం అని అర్థం, హెచ్‌ఆర్ దాకా పోతుంది యవ్వారం 🙂

తర్జుమా తంటాలు:
అందరికీ థాంక్స్. "కోర్టు ఫీజు చెల్లించే స్తోమత లేని వ్యక్తి" అని రాసి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదువుకుని, "ఇది నిజమే" అని సంతకం పెట్టారు. నల్లకోటు గారూ, ఇదే కట్టలో 1976కి ముందు నాటి తీర్పు కాపీ ఒకటి ఉంది, అందులో అంతటా పాపర్ అనే ఉంది. దాన్నీ ఇలాగే మార్చెయ్యనా?

నల్లకోటు:
వద్దు. పాత తీర్పులో ఉన్నది ఉన్నట్టు "పాపర్" అనే ఉంచండి, కింద ఒక ముక్క వివరణ రాయండి. ఐపీ పెట్టినవాడితో మాత్రం కలపకండి. అది దివాలా, ఇన్సాల్వెంట్, దాని చట్టం వేరు.

సర్వే మాస్టారు:
ఐపీ పెట్టి కారులో తిరిగేవాళ్లని మా ఊళ్లో చాలామందిని చూశాం లెండి.