స్కానర్ నేర్చుకునే పిల్లలకు ముందు ఫైలు ఇవ్వాలా, కీప్యాడ్ ఇవ్వాలా?

పర్లాకిమిడి పంతులు:

అందరికీ నమస్కారం. నేను గజపతి జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. నాకు హామ్, అంటే అభిరుచి కోసం రేడియోలో మాట్లాడుకునేవారి, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు ఉంది. నా దగ్గరున్న చేతి స్కానరుతో, అంటే ఎన్నో ఫ్రీక్వెన్సీలను ఒకదాని తరువాత ఒకటి వెతికి వినిపించే రేడియోతో, నేను పక్కనే ఉండి, తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురికి రేడియో వినడం నేర్పుతున్నాను. ఒక మిత్రుడు రెండు వందల ఛానళ్లు నింపిన ఫైలు పంపితే కేబులు పెట్టి రెండు నిమిషాల్లో సెట్టులోకి ఎక్కించాను. పిల్లలు స్కాన్ మీట నొక్కారు. తెర మీద అంకెలు పరుగెత్తాయే తప్ప అరగంట దాకా ఎక్కడా ఆగలేదు, ఒక్క మాటా వినిపించలేదు. యంత్రం పాడైపోయిందని ఒక పిల్లవాడు నిర్ణయించేశాడు.

తరువాత ఆ ఫైలు తెరిచి చూస్తే సగానికి పైగా వరుసలు అమెరికావే. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఏడు వాతావరణ ఛానళ్లు అక్కడి ప్రభుత్వ ప్రసారాలు. మహేంద్రగిరి పాదాల దగ్గర కూర్చున్న మనకు వాటితో పనే లేదు. ఇప్పుడు నా సందేహం ఇది. ఈ ఫైలును బాగుచేసి పిల్లలకు ఇవ్వాలా, లేక అంతా తుడిచేసి ఒక్కొక్క ఛానల్‌ను వారి చేతనే కీప్యాడ్ మీద ఎక్కించాలా? రెండు పద్ధతులూ వాడి చూసినవారు చెప్పగలరు.

బరంపురం శ్రోత:

పంతులుగారూ, మీ పిల్లవాడిది తప్పు కాదు. ఎరగని ఊళ్ల చిరునామాలు రెండు వందలు చేతిలో పెట్టి, తలుపు తట్టి రమ్మంటే ఎవరైనా అలాగే విసిగిపోతారు. ఆ ఫైలు తుడిచేయండి. మొదటి వారం స్కాన్ మీట జోలికే పోనివ్వకండి.

నా అనుభవంలో నేర్పవలసిన మొదటి విషయం స్క్వెల్చ్, అంటే మాట లేనప్పుడు వచ్చే హోరును మూసి ఉంచే నాబు. దాన్ని పూర్తిగా తెరిస్తే రేకుల కప్పు మీద వాన కురుస్తున్నట్టు హోరు వస్తుంది. కొత్తవారు ఆ హోరు భరించలేక నాబును చివరిదాకా తిప్పి బిగించేస్తారు. దానితో దూరం నుంచి వచ్చే బలహీనమైన మాటలన్నీ గుమ్మం బయటే ఆగిపోతాయి, పైగా వాళ్లకు ఆ సంగతే తెలియదు, ఎందుకంటే సెట్టు చక్కగా నిశ్శబ్దంగా ఉంటుంది. హోరు ఏ బిందువు దగ్గర తెగిపోతుందో చెవితో పట్టుకొని, అక్కడి నుంచి వెంట్రుకవాసి మాత్రమే ముందుకు జరిపి వదిలేయాలి. పక్కన చవకరకం ఎల్‌ఈడీ బల్బు వెలిగితే చాలు, మళ్లీ సరిచూసుకోవలసి వస్తుంది. ఈ పని నేర్పగలిగిన ఫైలు ఏదీ లేదు.

రెండోది స్కాన్‌కూ సెర్చ్‌కూ ఉన్న తేడా. స్కాన్ అంటే మనం ముందే గుర్తు పెట్టుకున్న ఇళ్లకు మాత్రమే వెళ్లి చూసిరావడం. సెర్చ్ అంటే వీధి ఈ కొస నుంచి ఆ కొస వరకు గడప గడపా చూడటం. హామ్‌లకు కేటాయించిన 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు 25 కిలోహెర్ట్జ్ అంగలతో సెర్చ్ చేస్తే సెట్టు 81 చోట్ల ఆగి చూస్తుంది. 5 కిలోహెర్ట్జ్ అంగలతో వెళితే 401 చోట్ల చూస్తుంది, అందుకు తగినట్టు ఆలస్యమూ అవుతుంది. పెద్ద అంగ వేస్తే 145.810 మీద ఎవరైనా మాట్లాడుతున్నా దాని మీదుగా దాటిపోతుంది. ఈ లెక్క పిల్లలు కాగితం మీద వేసి, సెట్టు మీద చేసి చూస్తే జీవితంలో మరిచిపోరు. ఫైలులో అంగ ఎంతో ఎవరో ముందే రాసి పెట్టి ఉంటారు కాబట్టి ఆ ప్రశ్న వారికి తట్టనే తట్టదు.

నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, గంజాం జిల్లాల్లో ఏం జరిగిందో మీకు చెప్పనక్కరలేదు. ఆ సమయంలో నేను అత్తవారి ఊరిలో ఉన్నాను. ఫోను లైను పోయే ముందు ఒక హామ్ మిత్రుడు తాను ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉంటాడో చెప్పాడు. నా స్కానరులో వంద ఛానళ్లున్నాయి, అన్నీ ల్యాప్‌టాప్‌తో నింపినవే. ల్యాప్‌టాప్ చార్జింగు అయిపోయింది. ఆ ఒక్క అంకెను కీప్యాడ్ మీద ఎలా ఎక్కించాలో నాకు తెలియలేదు. దీపం బుడ్డి వెలుగులో మీటలన్నీ నొక్కి చూసి ఊరుకున్నాను. రెండో బ్యాటరీ జత ఉన్నా ఉపయోగపడలేదు. ఆ రాత్రి తరువాత నేను కేబులు ముట్టుకోకుండా మూడు నెలలు గడిపాను.

రాయగడ నుంచి:

శ్రోతగారి అనుభవాన్ని గౌరవిస్తాను, కానీ ఆయన దాని నుంచి తీసిన నిర్ణయంతో ఏకీభవించలేను. పంతులుగారి ఇబ్బందికి కారణం ఫైలు కాదు, అది పరాయివారి ఫైలు కావడం. పిల్లలు నలుగురు, సెట్టు ఒకటి. ఒక ఛానల్ ఎక్కించాలంటే ఫ్రీక్వెన్సీ, మోడ్ (ఏఎం, ఎఫ్‌ఎం వంటి ప్రసార పద్ధతి), మాట ఆగాక సెట్టు అక్కడ వేచి ఉండే సమయం, పేరు అన్నీ కలిపి ముప్పై నలభై సార్లు నొక్కవలసి వస్తుంది. పేరులోని ఒక్కొక్క అక్షరానికి ఒకే మీటను మూడు నాలుగు సార్లు నొక్కాలి, అదీ రోమన్ లిపిలోనే, ఎందుకంటే నేను చూసిన ఏ స్కానరు తెర మీదా తెలుగు కనిపించదు. ఒకరు నొక్కుతుంటే మిగిలిన ముగ్గురు గోడలు చూస్తూ కూర్చుంటారు. అంకె తారుమారైతే సెట్టు చెప్పదు. తప్పు ఛానల్ మీద మౌనంగా కాపలా కాస్తుంది. అదే కంప్యూటరులో పట్టికగా ఉంటే నలుగురూ కలిసి వరుస వరుసా చదివి సరిచూడగలరు.

మా నాన్నగారికి డెబ్బై దాటాయి. ఆయన వేళ్లు ఆ చిన్న మీటల మీద నిలవవు, తెర మీది అక్షరాలు కనిపించవు. నేను పది వరుసల పట్టిక తయారుచేసి ఎక్కించి ఇచ్చాను. ఆయన రోజూ సాయంత్రం డాబా మీద కూర్చొని వింటారు. కీప్యాడ్ రాదు కాబట్టి ఆయనకు స్కానరు రాదు అనగలమా?

మోడ్ సంగతి కూడా చూడండి. విమానాలు మాట్లాడే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఏఎం వాడతారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎఫ్‌ఎంలో బలమైన గొంతు బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, ఏఎంలో మాత్రం ఈల శబ్దంతో రెండో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఈ కారణం నేను చేత్తో నొక్కి తెలుసుకోలేదు. పట్టికలో మోడ్ అనే గడిని చూసి, ఇక్కడ మాత్రం ఏఎం అని ఎందుకు రాయాలని అడిగి తెలుసుకున్నాను. పట్టిక కూడా ప్రశ్న పుట్టిస్తుంది.

గోపాలపూర్ తీరం:

ఇద్దరూ యాంటెన్నాను మరిచారు. స్కానరుతో వచ్చే రబ్బరు యాంటెన్నా అన్నిటికీ సరిపెట్టిన పొట్టిది. 7,500ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే పావు తరంగం పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. 145కు సుమారు 52, తీగలో జరిగే తరుగుదల తీసేస్తే 49 దగ్గర ఆగుతుంది. పిల్లల చేత అది కొలిపించి, కత్తిరించి చేయించండి. బ్యాటరీ అర తెరిచినప్పుడు లోపల చిన్న స్విచ్ ఉందేమో కూడా చూపించండి. కొన్ని మోడళ్లలో మామూలు బ్యాటరీలకూ చార్జింగ్ బ్యాటరీలకూ అది వేరువేరుగా ఉంటుంది, తప్పుగా ఉంచి చార్జింగు పెడితే మామూలు బ్యాటరీలు కారిపోతాయి.

ఇంకొక మాట. మన దేశంలో వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి. 1933 నాటి చట్టం అలాగే చెప్పింది, 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టమూ అదే చెబుతోంది. మా తీరంలో పడవలు 156.8 మీద, అంటే ఛానల్ 16 మీద, మాట్లాడుకుంటాయి కదా అని పిల్లల పట్టికలో దాన్ని చేర్చకండి. పోలీసుల మాటలు వెతకడం అసలే వద్దు. హామ్ బ్యాండు లోపలే ఉండండి. ఆసక్తి నిలిచిన పిల్లలు పన్నెండేళ్లు నిండితే చాలు, పరీక్ష రాసి సొంత లైసెన్సు తీసుకోవచ్చు.

బరంపురం శ్రోత:

రాయగడవారి నాన్నగారి మాట నన్ను ఆపింది. నేను అలా ఆలోచించలేదు, నిజమే. వేళ్లు సహకరించని మనిషికి కీప్యాడ్ నియమం పెట్టడం అన్యాయం. కానీ పంతులుగారి పిల్లలకు పద్నాలుగేళ్లు, వారి వేళ్లకు ఏ లోటూ లేదు.

పట్టిక ప్రశ్న పుట్టిస్తుందన్నది ఒప్పుకుంటాను, అయితే ఏ పట్టికా పుట్టించని ప్రశ్న ఒకటి చెబుతాను. సెర్చ్ చేస్తుండగా సెట్టు ఒకచోట ఆగుతుంది, మాట ఉండదు, హోరూ ఉండదు, ఖాళీగా నిలిచిపోతుంది. అప్పుడు యాంటెన్నా తీసేయమనండి. ఇంకా అక్కడే ఆగితే అది బయటి నుంచి వచ్చింది కాదు, సెట్టు లోపల తరంగాలు పుట్టించే ఆసిలేటర్ల నుంచి వచ్చినది. దాన్ని బర్డీ అంటారు. లాకౌట్ మీట నొక్కితే ఇక అక్కడ ఆగదు. మొదటిసారి దాన్ని స్వయంగా పట్టుకున్న పిల్లవాడి ముఖం చూడండి. కాబట్టి నా మాట ఇంతవరకు సడలిస్తాను: వారం రోజులు కీప్యాడ్, ఆ తరువాత సొంత పట్టిక. పరాయి ఫైలు మాత్రం వద్దు.

పర్లాకిమిడి పంతులు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం నాడు చేసింది, జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఫైలు తుడిచేశాను. పిల్లలు 49 సెంటీమీటర్ల తీగ కత్తిరించి యాంటెన్నా చేశారు. మా ఊరికీ బరంపురానికీ మధ్య 1,500 మీటర్ల మహేంద్రగిరి అడ్డుగా నిలిచి ఉంది కాబట్టి అటు నుంచి ఏదో వినిపిస్తుందన్న ఆశ పెట్టుకోలేదు. కొండలతో నిమిత్తం లేకుండా నెత్తి మీదుగా వెళ్లేది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ కేంద్రంలోని హామ్ రేడియో 145.825 మీద డేటా పంపుతూ ఉంటుంది. సాయంత్రం 6.20కి ఒక దాటు, అంటే కేంద్రం మా ఆకాశం మీదుగా వెళ్లే సమయం, ఇంచుమించు గంటన్నర తరువాత మరొకటి ఉన్నాయని చూసుకొని బడి డాబా ఎక్కాము.

ఛానల్ ఎక్కించిన అమ్మాయి 145.285 అని నొక్కింది. ఎవరమూ గమనించలేదు. పది నిమిషాలు ఊపిరి బిగబట్టి నిలుచున్నాము, దాటు అయిపోయింది. రాయగడవారు చెప్పినట్టే సెట్టు తప్పు ఛానల్ మీద మౌనంగా కాపలా కాసింది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

రెండో దాటుకు ముందు ఆ అమ్మాయే మళ్లీ ఎక్కించింది, మిగిలిన ముగ్గురూ అంకెలు పైకి చదివారు. సమయం దగ్గరపడుతున్నా ఏమీ వినిపించకపోతే, ఇంతకుముందు యంత్రం పాడైందన్న పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే స్క్వెల్చ్ నాబును వెనక్కి తిప్పి హోరు తెరిచాడు. ఆ హోరు అడుగున, ఇసుక మీద రేకు లాగినట్టు, అర సెకను పాటు బర్రుమని వినిపించింది. కాసేపటికి మళ్లీ. కేంద్రం పైకి వచ్చేకొద్దీ హోరు తగ్గి ఆ శబ్దం ఒక్కటే మిగిలింది. స్క్వెల్చ్ ముందున్నచోటే ఉండి ఉంటే మొదటి రెండూ మాకు అందేవి కావని నా నమ్మకం. మొత్తం పదకొండు సార్లు వినిపించిందని పిల్లలు నోటు పుస్తకంలో టైముతో సహా రాసుకున్నారు.

రాయగడవారూ, మీ నాన్నగారికి చేసి ఇచ్చిన పది వరుసల పట్టికలో ఏ ఏ గడులు పెట్టారో దయచేసి ఇక్కడ రాయండి. వచ్చే ఆదివారం పిల్లల నోటు పుస్తకాల నుంచే మా పట్టిక మొదలుపెడతాము. మొదటి వరుస 145.825. దాన్ని టైపు చేసేది కూడా ఆ అమ్మాయే.