తోట కాపలాకు తుపాకీ: లైసెన్సులు సులువు చేయాలా, వద్దా?

చీనీతోట (నార్పల, అనంతపురం జిల్లా)

ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో పదకొండు ఎకరాల చీనీ తోట మాది. కాపు మీద ఉన్నప్పుడు రాత్రిళ్లు నేనూ మా ఆవిడా తోటలోనే పడుకుంటాం. ఈ ఏడాది రెండుసార్లు బోరు దగ్గర కేబుల్ కోసుకుపోయారు. లోపలి రాగి అమ్మితే వాళ్లకు వచ్చేది వెయ్యో రెండు వేలో. మాకు కొత్త కేబుల్ ఖర్చు, కూలీలు, ఆ నాలుగు రోజులు తడి అందక రాలిపోయిన పిందె. మొదటిసారి నిద్రలో ఉన్నాం. రెండోసారి చప్పుడు విని టార్చి వేశాను. వాళ్లు పారిపోలేదు. ముగ్గురు. తాపీగా నిలబడి నావైపే చూశారు. నేనే రెండడుగులు వెనక్కి వేశాను.

తెల్లారి తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. పంతొమ్మిది నెలలైంది. ఒకసారి విచారణకు వచ్చి "మీకు ప్రాణహాని ఉందా?" అని అడిగారు. ఉందని రుజువు కావాలంటే ముందు ఎవరో ఒకరు నన్ను నరకాలి కదా! ఆ తర్వాత అవుననీ లేదు, కాదనీ లేదు.

అమెరికాలో అంగడికి వెళ్లి కొనుక్కుంటారు. స్విట్జర్లాండ్‌లో చాలా ఇళ్లలో తుపాకులున్నా ఊళ్లు ప్రశాంతంగానే ఉన్నాయని చదివాను. మన రైతు చేతిలో మాత్రం టార్చి లైటు. ఇది న్యాయమేనా? సానుభూతి వద్దు, కారణాలు చెప్పండి.

పాత ఖాకీ (పత్తికొండ, కర్నూలు జిల్లా)

చీనీతోట గారూ, ముప్పై ఒక్క ఏళ్లు స్టేషన్లలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. ముందే మీకు నచ్చని మాట చెబుతాను. కేబుల్ దొంగను కాల్చి చంపితే ముద్దాయి మీరే. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, కానీ ప్రాణం పోతుందనో తీవ్రమైన గాయం అవుతుందనో భయపడాల్సిన పరిస్థితి నిజంగా ఉందని తేలాలి. రాగి తీగ ఒక్కటే అయితే ఆ లెక్కలోకి రాదు.

ఇక లైసెన్సు తుపాకుల సంగతి. ఎన్నికల ప్రకటన రాగానే వాటిని స్టేషన్లలో అప్పగించమంటారు. ఒక పెద్దాయన ప్రతి ఎన్నికకూ తన డబుల్ బ్యారెల్‌ను పాత దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చేవారు. రసీదు రాసేముందు లోపల తూటా లేదని చూడాలి. తెరిచి గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే అవతలి వైపు కనపడలేదు. సాలీడు గూడు కట్టింది. "చివరిసారి ఎప్పుడు పేల్చారు పెద్దాయనా?" అన్నాను. "నేనెక్కడ పేల్చాను నాయనా, పేల్చింది మా నాన్న" అన్నారు. రెన్యువల్ మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

మన జిల్లాల్లో తుపాకీ ముందు హోదా, ఆ తర్వాతే ఆయుధం. అసలు మనది తుపాకీ సంస్కృతి కూడా కాదు, గన్‌మెన్ సంస్కృతి. వెనుక ఎందరు గన్‌మెన్ నిలబడితే అంత నాయకుడు. ఒకరిని తగ్గిస్తే అన్నం సహించదు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు, ప్రస్తుతం డల్లాస్)

నేను చీనీతోట గారి పక్షం. టెక్సాస్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను, ఇంట్లో పిస్టల్ ఉంది, దాచుకోవాల్సిన పని లేదు. ఫారం నింపాను, దుకాణదారు నా వివరాలు తనిఖీకి పంపాడు, చేతిలో కాఫీ చల్లారేలోగా సరేనని జవాబు వచ్చింది. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ పిస్టల్ వెంట పెట్టుకుని తిరగడానికి పర్మిట్ కూడా అక్కర్లేదు. 2018లో వచ్చిన స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారం ఈ దేశంలో వంద మందికి 120 తుపాకులు. అంటే మనుషుల కంటే అవే ఎక్కువ. అలాగని రోజూ తూటాల మధ్య బతుకుతున్నామా? మా వీధిలో ఇన్నేళ్లలో ఒక్కటీ పేలలేదు.

తుపాకీయే కారణమైతే స్విట్జర్లాండ్ సంగతేమిటి? అదే సర్వేలో అక్కడ వందకు 27 పైనే ఉన్నాయి, హత్యలు చాలా తక్కువ. మెక్సికోలో చట్టబద్ధంగా తుపాకీ కొనడం మహా కష్టం, అక్కడ హత్యలు ఎన్నో మీకు తెలుసు. చేతిలో ఉన్న వస్తువును కాదు, చేతిని చూడండి. పోలీసు జీపు రావడానికి ముప్పావు గంట పట్టే తోటలో ముగ్గురికి ఎదురు నిలబడ్డ మనిషికి మీరు చెబుతున్నది చట్టం సెక్షన్లు!

రాత్రి డ్యూటీ (కడప)

బురుజు గారూ, స్విట్జర్లాండ్ లెక్క సగమే చెప్పారు. అక్కడ సైనిక శిక్షణ తీసుకున్నవారు తమ తుపాకీ ఇంటికి తెచ్చుకుంటారు, నిజమే. కానీ 2007 నుంచి కొద్దిమందికి తప్ప సైన్యం తూటాలు ఇంటికి ఇవ్వడం లేదు. నింపిన తుపాకీతో వీధిలో తిరగాలంటే వేరే పర్మిట్ కావాలి, అది మామూలు మనిషికి దొరకడం కష్టం. తుపాకీ ఒకచోట, తూటా ఒకచోట. డల్లాస్‌లో మీ పిస్టల్ అలాగే ఉందా?

అమెరికాలో 2021లో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా హత్యలు కావు, ఆత్మహత్యలు. ఈ మాట మన చర్చల్లో ఎప్పుడూ రాదు. అందరూ దొంగ గురించే మాట్లాడతారు.

నేను క్యాజువాల్టీలో నర్సును. మన జిల్లాల్లో ఆ రాత్రి చేతికి అందేది పురుగుల మందు డబ్బా. వెనుక ఉండేవి ఎండిన బోరు, అప్పు, ఒక్కోసారి మొగుడూ పెళ్లాల మధ్య చిన్న మాట పట్టింపు. బతికి బయటపడ్డ వాళ్లను మూడో రోజు చూడాలి. ఒకాయన కళ్లు తెరవగానే "ఎద్దులకు నీళ్లు పెట్టారా?" అని అడిగాడు. సెలైన్ మారుస్తున్న దాన్ని అలాగే నిలబడిపోయాను. రెండు రోజుల కిందట చావాలనుకున్న మనిషి అతను.

శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుల మందులను 1990ల నుంచి ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులు పడిపోయింది. అక్కడ అప్పులు తీరిపోలేదు, 2009 దాకా యుద్ధం కూడా నడిచింది. చేతికి అందే వస్తువు మారింది, అంతే. ఇజ్రాయెల్ సైన్యం కూడా 2006లో, వారాంతపు సెలవుకు ఇంటికి వెళ్లే కుర్రాళ్లను తుపాకీ శిబిరంలోనే వదిలి వెళ్లమంది. సైనికుల ఆత్మహత్యలు నలభై శాతం తగ్గాయి. పురుగుల మందు తాగినవాడికి మూడో రోజు ఉండే అవకాశం ఉంది. తుపాకీ దగ్గర అది దాదాపు లేదు. చీనీతోట అన్నా, పంట పోయిన ఏడాది ఆ తుపాకీ మీ మంచం కిందే ఉంటుంది కదా?

చరిత్ర మాస్టారు (తాడిపత్రి)

కాస్త వెనక్కి వెళదాం. సీమలో ఆయుధాలు దించే పని ఇప్పటిది కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదిలేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను రద్దు చేశాడు, కొందరికి పింఛను కట్టాడు. (ఆ మన్రో 1827లో కలరాతో పోయింది మన పాత ఖాకీ గారి పత్తికొండలోనే.) బలగం పోయింది కానీ పెత్తనం పోలేదు. పెత్తనం నిలబడాలంటే ఏదో ఒక ఆయుధం కావాలి. ఈటె పోతే వేటకొడవలి వచ్చింది, దాని వెనుక నాటు బాంబు వచ్చింది.

1878 ఆయుధాల చట్టంతో తెల్లవాడు దేశం మొత్తానికి లైసెన్సు పెట్టాడు. అది మన వాళ్లకు ఎంత అవమానంగా తోచిందంటే, 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చారు. 1948లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అదే హక్కు కోసం సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. అమెరికా వాళ్లు 1791లో రాజ్యాంగంలోకి ఎక్కించుకున్న హక్కును మనం చర్చించే పక్కన పెట్టాం. దేశ విభజన నెత్తురు ఆరని రోజులవి. ఆ నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం.

చీనీతోట గారికి పనికొచ్చే పోలిక అమెరికా కాదు, ఆస్ట్రేలియా. 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని చంపాడు. ప్రభుత్వం దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. అయినా అక్కడి రైతుకు తుపాకీ దొరుకుతుంది, పంట పాడుచేసే జంతువుల కోసం అంటే. ఆత్మరక్షణ కోసం అంటే మాత్రం దొరకదు, దాన్ని సరైన కారణంగా చట్టం ఒప్పుకోదు. మన 1959 చట్టంలో కూడా పంట కాపలాకు గొట్టంలో మందు దట్టించే పాత రకం తుపాకీ ఇవ్వొచ్చని ఉంది. (అడవి పందిని కాల్చాలంటే మళ్లీ అటవీ శాఖ అనుమతి కావాలి, అది వేరే గోల.) ఇవ్వకపోతే ఇవ్వనని రాతపూర్వకంగా చెప్పాలి. పంతొమ్మిది నెలలు నోరు విప్పకపోవడం చట్టం తప్పు కాదు, బల్ల అవతల కూర్చున్న వారి తప్పు.

కొండారెడ్డి బురుజు

సీమలో తుపాకీ లేకుండానే ఎన్ని తలలు తెగలేదు? మాస్టారే ఒప్పుకున్నారు, ఒకటి పోతే ఇంకొకటి వస్తుందని. 2005 జనవరిలో అనంతపురం పార్టీ కార్యాలయంలో పరిటాల రవిని కాల్చి చంపినవారు ముందు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నారా? దొంగ తుపాకీ ఎప్పుడూ దొరుకుతుంది. స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనాలో మన దేశంలో ఏడు కోట్ల పైచిలుకు తుపాకులుంటే, వాటిలో నమోదైనవి కోటి కూడా లేవు. చట్టం కట్టిపడేసేది చీనీతోట గారి లాంటి వాళ్లను మాత్రమే. జపాన్‌లో అంత గట్టి చట్టం ఉన్నా 2022లో మాజీ ప్రధాని షింజో అబేను ఇంట్లో తయారు చేసుకున్న తుపాకీతో చంపలేదా?

నిర్వాహకులు

పై వ్యాఖ్య కింద వచ్చిన పదిహేడు వ్యాఖ్యలు తొలగించాం. ఏ కుటుంబం ఏ కుటుంబాన్ని ముందు కొట్టిందో తేల్చే చోటు ఇది కాదు.

రాత్రి డ్యూటీ

అబే ఏడాది చెప్పారు, దాని ముందు ఏడాది చెప్పలేదు. 2021లో పన్నెండు కోట్ల జనాభా ఉన్న జపాన్ అంతటా తుపాకీ కాల్పుల్లో చనిపోయింది ఒక్కరే.

"ఇంకొకటి వస్తుంది" అంటున్నారు కాబట్టి ఒకే రోజు జరిగిన రెండు సంఘటనలు చెబుతాను. 2012 డిసెంబరు 14. చైనాలోని హెనాన్‌లో ఒకడు కత్తితో బడి మీద పడ్డాడు. ఇరవై మూడు మంది పిల్లలకు గాయాలు, ఒక్కరూ చనిపోలేదు. అదే తేదీన అమెరికాలో శాండీ హుక్ బడిలోకి ఒకడు తుపాకీతో వెళ్లాడు. ఇరవై మంది పిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు పోయారు. ఆ చేయి, ఈ చేయి రెండూ చెడ్డవే. మరి తేడా ఎక్కడుంది?

పాత ఖాకీ

బాంబు సంగతి నాకు వదిలేయండి. గడ్డివాముల కింద, ఇసుక నింపిన బకెట్లలో దాచిన బాంబులు తవ్వి తీసి నీళ్లలో నానబెట్టినవాణ్ని. చుట్టేవాడికి అదంటే చచ్చేంత భయం. కుడిచేతికి రెండు వేళ్లే మిగిలిన ఒకాయన సంతకం చేయలేక వేలిముద్ర వేస్తానంటే, ఏ వేలు వేయించాలో తెలియక మా రైటర్ తల పట్టుకున్నాడు. ఆ భయం వల్లే ప్రతివాడూ బాంబు ఇంట్లో పెట్టుకోలేదు, ఊరికి నలుగురి పనిగా ఉండిపోయింది. అంగట్లో పెట్టెలో వచ్చే పిస్టల్‌కు ఆ భయం ఉండదు.

ఇంకో లెక్క. 2022లో మన దేశంలో నమోదైన హత్యలు 28,522. అంతకు ముందు ఏడాది అమెరికాలో 26 వేలు. వాళ్ల జనాభా 33 కోట్లు, మనది 140 కోట్లు. మనం వాళ్ల కంటే మంచివాళ్లమా? నా సర్వీసులో నాకలా అనిపించలేదు.

రాయచోటి కువైట్

పద్దెనిమిదేళ్లు కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చేసి వచ్చాను. 1990లో ఇరాక్ దాడి చేశాక అక్కడి ఇళ్లలో బోలెడు ఆయుధాలు మిగిలిపోయాయి. 2015లో ప్రభుత్వం గడువు పెట్టి, ఈలోగా అప్పగిస్తే కేసు ఉండదని చెప్పింది. మా కఫీల్ (యజమాని) ఒక బరువైన గోనెసంచి డిక్కీలో పెట్టించి స్టేషన్‌కు పొమ్మన్నాడు. ఇన్నాళ్లూ అది నేను పడుకునే గది పక్క స్టోర్‌లోనే ఉందట! స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ప్రాణం గొంతులోకి వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, ఉన్నదని తెలియనంత కాలం హాయిగా నిద్రపోయాను.

కొండారెడ్డి బురుజు

రాత్రి డ్యూటీ గారూ, అడిగారు కాబట్టి చెబుతున్నాను. నా పిస్టల్ మంచం పక్క సొరుగులో ఉంటుంది, తూటాలతోనే. విడిగా పెడితే దొంగ వచ్చినప్పుడు ఏం లాభం? అయితే మా పెద్దవాడికి పద్నాలుగు నిండాయి. మీ మాట చదివాక నిన్న ఒక సేఫ్ కొన్నాను. దాన్ని మీ గెలుపు కింద రాసుకోకండి, లైసెన్సు విషయంలో నా మాట మారలేదు.

చీనీతోట

అన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను.

ఒక మాట దాచాను, చెప్పేస్తాను. పోయిన ఉగాదికి ముందు గట్టు తగాదాలో మా తమ్ముడి మీదకు పార ఎత్తాను. జానెడు గట్టు. వాడు కదలకుండా నిలబడి "కొట్టన్నా" అన్నాడు. ఎత్తిన పార బరువుకే చెయ్యి వణికింది. ఆ లోపల మా అమ్మ వచ్చి పడింది. పార కాబట్టి అంత సమయం దొరికింది. దీన్ని ఎవరికీ చెప్పలేదు, రాత్రి డ్యూటీ అక్క రాసింది చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

దరఖాస్తు వెనక్కి తీసుకోవడం లేదు. ఆ ముగ్గురూ మళ్లీ రారని మీరెవరూ హామీ ఇవ్వలేదు. మాస్టారు చెప్పినట్టు ఇస్తారో ఇవ్వరో రాసి ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో అడిగాను. ఈలోగా బోరు నుంచి స్టార్టరు దాకా కేబుల్‌ను ఇనుప పైపులో వేసి రెండడుగుల లోతున పూడ్చాను, పైన పెట్టెకు వెల్డింగ్ చేయించాను.

పాత ఖాకీ

మంచి పని. లైసెన్సు వచ్చిందే అనుకోండి, తుపాకీ బీరువాలో పెడతారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మీ ఆవిడను అడిగి చెప్పండి.

చీనీతోట

అడిగాను సార్. తన దగ్గరే ఉంచుకుంటుందట. ఎక్కడ పెడుతుందో నాకు మాత్రం చెప్పదట.