మూలకణం దారి తేల్చేది గాటా-1, పీయూ-1 పోటీయేనా?

జువాలజీ మాస్టారు:
రక్తకణాల పుట్టుక పాఠంలో నేను ఎప్పుడూ జన్యువులను పనిచేయించే రెండు ప్రోటీన్ల గురించి చెబుతాను. ఎముక మజ్జలోని మూలకణంలో గాటా-1 పైచేయి అయితే అది ఎర్ర రక్తకణాలు, ప్లేట్‌లెట్ల వైపు వెళ్తుంది. పీయూ-1 పైచేయి అయితే న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాల వైపు. ఈ రెండూ తమ జన్యువును తామే పనిచేయించుకుంటాయి, ఎదుటిదాన్ని అణచివేస్తాయి. సమానంగా ఉన్నచోట ఏదో ఒకటి యాదృచ్ఛికంగా కాస్త పెరిగినా ఆ తేడా పెరుగుతూ పోయి కణం ఒక పక్క స్థిరపడుతుంది. ఇది 2016లోనే తప్పని తేలిందని ఒక విద్యార్థి అంటున్నాడు. మీరేమంటారు?

మజ్జ:
ఆ అబ్బాయి చెప్పింది చాలావరకు నిజం మాస్టారూ. టిమ్ ష్రోడర్ బృందం 2016లో నేచర్ పత్రికలో ప్రచురించిన పని అది. ఎలుకల్లో ఆ రెండు ప్రోటీన్లకూ వేర్వేరు రంగుల్లో మెరిసే తోకలు తగిలించి, ఒక్కో మూలకణాన్నీ దాని సంతతినీ రోజుల తరబడి మైక్రోస్కోప్ కింద వెంబడించారు. మీ పాఠం ప్రకారం మొదట రెండూ కలిసి ఉండాలి, హెచ్చుతగ్గులు రావాలి, ఆ తర్వాత ఒకటి గెలవాలి. వాళ్లకు అలా కనబడలేదు. దారి ఖాయమయ్యాకే ఈ ప్రోటీన్లు రంగంలోకి దిగి దాన్ని గట్టిపరుస్తున్నాయని తేల్చారు. అంతకుముందు ఈ రెండు ప్రోటీన్లను చాలామంది వేలాది కణాలను కలిపి, ఒక క్షణంలో కొలిచి చూశారు. ఏది ముందు, ఏది వెనుక అన్నది అలాంటి కొలతల్లో దొరకదు.

కణరేఖ:
మజ్జ గారూ, అంత తొందరగా కొట్టిపారేయకండి. 1995లో థామస్ గ్రాఫ్ బృందం కోడి తెల్లకణాల్లోకి గాటా-1ను పంపితే అవి తమ గుర్తింపు వదిలి ఎర్రకణాల పూర్వరూపాల్లాంటివిగా మారాయి. ఒక్క ప్రోటీన్‌కు అంత శక్తి ఉందంటే ఈ ప్రోటీన్లు ఒకదాన్నొకటి నడిపించుకునే నెట్‌వర్క్ నిర్ణయం తీసుకోగలదనే కదా!

యాదృచ్ఛికత సంగతికి వస్తే, 2008లో సుయి హువాంగ్ బృందం ఒకే రకం ఎలుక రక్త పూర్వకణాల్లో ఎస్‌సీఏ-1 అనే ప్రోటీన్ బాగా తక్కువున్న వాటిని వేరుచేసి చూసింది. వాటిలో గాటా-1 ఎక్కువగా ఉంది, అవే తొందరగా ఎర్రకణాల దారి పట్టాయి. ఇంకా ముఖ్యమైనది, అలా వేరుచేసిన గుంపును వదిలేస్తే రోజుల వ్యవధిలో మళ్లీ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అన్ని రకాలూ వచ్చేశాయి. అంటే ఆ ఒడిదుడుకులు కొలతలో వచ్చిన పొరపాటు కాదు, కణం స్వభావమే.

మజ్జ:
గ్రాఫ్ ప్రయోగాన్ని నేను కాదనడం లేదండీ. కానీ బయటినుంచి గాటా-1ను కుమ్మరిస్తే ఏమవుతుందో అది చెబుతుంది. మజ్జలో మామూలుగా ఏం జరుగుతోందో చెప్పదు. వరద గేటు పగలగొడితే నీళ్లు కిందికి వస్తాయి, అంతమాత్రాన రోజూ గేటు ఎత్తేది ఎవరో తెలియదు కదా. హువాంగ్ వాళ్ల ఫలితం నాకు చాలా ఇష్టం. అయితే అందులో ఊగేది రెండు ప్రోటీన్ల నిష్పత్తి ఒక్కటే కాదు, వేల జన్యువుల పనితీరు మొత్తం. అది నా వాదనకే బలం.

సైటోకైన్లను, అంటే కణాలకు బయటినుంచి సంకేతాలిచ్చే ప్రోటీన్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2009లో ఇదే ష్రోడర్ బృందం, న్యూట్రోఫిల్ గానీ మాక్రోఫేజ్ గానీ కాగల కణాలకు ఎం-సీఎస్‌ఎఫ్ అనే సైటోకైన్ ఒక్కటే ఇస్తే మాక్రోఫేజ్‌లు, జీ-సీఎస్‌ఎఫ్ అనే మరో సైటోకైన్ ఒక్కటే ఇస్తే న్యూట్రోఫిల్ జాతి కణాలు వచ్చాయని చూపింది. ఎదురుదారి పట్టినవి చనిపోయి, మిగిలినవే కనబడ్డాయేమో అనే పాత అనుమానం ఉండేది. ప్రతి కణాన్నీ వెంబడించారు కాబట్టి అది తీరిపోయింది.

ఏజెన్సీ ల్యాబ్:
పాడేరు వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారం దాల్చే రక్తజబ్బు) పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. గాటా-1 నిర్ణయించదు, అమలు మాత్రమే చేస్తుందంటే దాని ప్రాధాన్యం తగ్గినట్టా?

మజ్జ:
ఏమాత్రం తగ్గదండీ. మీకు పనికొచ్చే సంగతే చెబుతాను. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి పొందిన సికిల్ సెల్ చికిత్స కాస్‌జెవీ గాటా-1 మీదే ఆధారపడింది. పిండ దశ హిమోగ్లోబిన్‌ను ఆపేసే బీసీఎల్11ఏ జన్యువుకు ఒక ప్రత్యేక స్విచ్ ఉంది. ఎర్రకణాల వంశంలో గాటా-1 అక్కడ అతుక్కుని ఆ జన్యువును నడిపిస్తుంది. రోగి మూలకణాల్లో సరిగ్గా ఆ చోటును డీఎన్‌ఏను కత్తిరించే క్రిస్పర్ సాధనంతో కత్తిరిస్తారు. ఎర్రకణాల్లో బీసీఎల్11ఏ తగ్గి, పిండ హిమోగ్లోబిన్ తిరిగి వస్తుంది. మిగతా రక్తకణాల్లో ఆ జన్యువు పని ఆగదు. అమలుచేసే ప్రోటీన్ ఎక్కడ కూర్చుంటుందో తెలియకపోతే ఈ మందే లేదు.

కణరేఖ:
బాగుంది. మరి మొదటి మెట్టు ఎవరిది? సైటోకైన్లని మీరంటే నేను పూర్తిగా ఒప్పుకోను. 2020లో హార్వర్డ్ వాళ్లు ఒక్కో కణానికీ డీఎన్‌ఏ గుర్తు తగిలించి చూశారు. అక్కాచెల్లెళ్ల వంటి జంట కణాలను విడదీసి ల్యాబ్ పళ్లెంలోని వేర్వేరు గుంతల్లో పెంచినా చాలాసార్లు ఒకే దారి పట్టాయి. అదే ద్రవం, అవే సైటోకైన్లు ఉండగా పక్క కుటుంబాలు వేరే దారుల్లో పోయాయి. పైగా ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపే ఆ కణాల ఆర్‌ఎన్‌ఏ కొలతల్లో ఈ తేడా పూర్తిగా కనబడలేదు. తల్లికణం నుంచి ఏదో వారసత్వంగా వస్తోంది. క్రోమాటిన్‌లో, అంటే ప్రోటీన్లకు చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏలో, ఏ చోట్లు తెరిచి ఉన్నాయన్నదే అదని నా అభిప్రాయం. అది కూడా నెట్‌వర్క్‌లో భాగమే.

మజ్జ:
క్రోమాటిన్‌ను కలుపుకుంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ అప్పుడు మాస్టారి రెండు ప్రోటీన్ల బొమ్మను మీరూ వదులుకున్నట్టే. బతికున్న కణంలో క్రోమాటిన్ మార్పును గాటా-1 రాకకు ముందునుంచే వెంబడించగలిగితే మనిద్దరిలో ఎవరిది సరైనదో తేలుతుంది. ఆలోగా పిల్లలకు ఆ బొమ్మను దారి గట్టిపడే విధానంగా చెప్పండి మాస్టారూ, దారి మొదలయ్యే విధానంగా మాత్రం చెప్పకండి.