వర్చువల్‌బాక్స్‌లో విండోస్ 7 నత్తనడక, పేజ్‌మేకర్‌లో కార్డు పని సాగడం లేదు

కార్డుల కంపోజింగ్ (పర్లాకిమిడి):

అన్నలకు నమస్కారం. పాత డెస్క్‌టాప్‌లోని విండోస్ 7 (32 బిట్)ని డిస్క్‌టువీహెచ్‌డీతో వీహెచ్‌డీ ఫైలుగా (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) తీసి, కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ 7 (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాము) మీద నడుపుతున్నాను. లోపల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు. ఇక్కడ పెళ్లికార్డంటే చాలామందికి ఒకపక్క తెలుగు, ఒకపక్క ఒడియా ఉండాలి. పాత ఫైళ్లన్నీ ఈ ఫాంట్లలోనే ఉన్నాయి కాబట్టి సెటప్పు మార్చే వీలు లేదు.

ల్యాప్‌టాప్: ఐ3-1215యు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ, విండోస్ 11 హోమ్.
వీఎంకి (లోపల నడిచే ఆ విండోస్ 7కి) ఇచ్చినవి: 4 సీపీయూలు, 4 జీబీ ర్యామ్, 16 ఎంబీ వీడియో మెమరీ. వీహెచ్‌డీ ఫైలు 140 జీబీ ఉంది, అందుకని యూఎస్‌బీ హార్డ్‌డిస్కులోనే ఉంచాను.

డెస్క్‌టాప్ కనబడటానికి ఏడెనిమిది నిమిషాలు పడుతోంది. టెక్స్ట్ బ్లాకు పట్టుకుని జరిపితే మౌస్ ముందెళ్లిపోయి బ్లాకు వెనక ఈడుస్తూ వస్తుంది. వత్తు కొడితే అక్షరం ఒకటి మింగి ఒకటి పడుతుంది. కానీ హోస్ట్ (బయటి విండోస్ 11) టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతం కూడా దాటదు. వీఎంకి ర్యామ్ 6 జీబీ చెయ్యనా? లేక లోపం ఇంకెక్కడైనా ఉందా?

బరంపురం బెంచ్:

6 జీబీ మాత్రం చెయ్యకండి, ఉన్న నాలుగే ఎక్కువ. 32 బిట్ విండోస్ 7 ఎంత ఇచ్చినా 4 జీబీ దాటి వాడుకోలేదు. ఇటు మీ హోస్ట్‌కి మిగిలేది నాలుగే. అందులో విండోస్ 11, క్రోమ్, గ్రాఫిక్స్ తీసుకునే వాటా అన్నీ సర్దుకోవాలి. చాలకపోతే హోస్ట్ తన మెమరీని డిస్కు మీదికి దింపుతుంది, అప్పుడు లోపలా బయటా రెండూ ఈడుస్తాయి. పేజ్‌మేకర్‌కి 2048 ఎంబీ ధారాళం. సీపీయూలు కూడా 2 చెయ్యండి. ఐ3-1215యులో పెద్ద కోర్లు రెండే, మిగతా నాలుగూ చిన్నవి. పేజ్‌మేకర్ నాటి ప్రోగ్రాములు ఒక్క కోర్ మీదే పనంతా చేస్తాయి కాబట్టి నాలుగిచ్చినా దానికి ఒరిగేదేమీ లేదు.

అయితే మీరు చెప్పిన లక్షణాలకి అసలు అనుమానం వేరే చోట. వీఎం నడుస్తుండగా కిటికీ అడుగున కుడివైపు చిన్న బొమ్మల వరస ఉంటుంది. అందులో సీపీయూ చిప్ బొమ్మ ఉందా, ఆకుపచ్చ తాబేలు ఉందా చూడండి. తాబేలుంటే ప్రాసెసర్‌లోని వీటీ-ఎక్స్ (వీఎంలని వేగంగా నడిపే సౌకర్యం) నేరుగా వర్చువల్‌బాక్స్ చేతిలో లేదన్నమాట. విండోస్ తన సొంత హైపర్‌వైజర్‌ని (వీఎంలని నడిపే పొరని) ముందే లేపి దాన్ని పట్టుకుంది. వర్చువల్‌బాక్స్ ఆ హైపర్‌వైజర్ గుండా అడిగి పని చేయించుకోవాలి. ప్రతి చిన్న పనికీ ఆ దారి తిరిగి రావడం వల్లే సీపీయూ ఖాళీగా కనబడుతున్నా పని నడవదు. ఖాయం చేసుకోవాలంటే వీఎం పేరు మీద కుడి క్లిక్ చేసి షో లాగ్ తెరిచి ‘స్నెయిల్’ అని వెతకండి. ‘స్నెయిల్ ఎగ్జిక్యూషన్ మోడ్ ఈజ్ యాక్టివ్’ అన్న వరస దొరికితే ఇక సందేహం లేదు.

తాబేలు ఉంటే ఇలా చెయ్యండి:

1. విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్‌లోకి వెళ్లి మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చెయ్యండి. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో ఎక్కువగా ఇది ఆన్ అయ్యే వస్తుంది.
2. ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’లో వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసెయ్యండి. (ప్రో ఎడిషన్ వాళ్లయితే హైపర్-వీ, శాండ్‌బాక్స్ కూడా.)
3. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి: బీసీడీఎడిట్ /సెట్ హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్ ఆఫ్ (bcdedit /set hypervisorlaunchtype off)
4. రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్‌లో కెర్నెల్‌ని (విండోస్ మూలభాగాన్ని) డిస్కులో దాచి అదే మళ్లీ లేపుతుంది, మీ మార్పు అమల్లోకి రాకపోవచ్చు.

తర్వాత ఎంఎస్ఇన్ఫో32 (సిస్టమ్ వివరాలు చూపే ప్రోగ్రాము) తెరిస్తే అట్టడుగున ‘ఎ హైపర్‌వైజర్ హాజ్ బీన్ డిటెక్టెడ్’ అని ఉండకూడదు. ఒక మాట ముందే చెప్పాలి: మెమరీ ఇంటిగ్రిటీ తీస్తే చెడ్డ డ్రైవర్ల నుంచి హోస్ట్‌కి ఉండే ఒక రక్షణ పోతుంది. డబ్ల్యూఎస్ఎల్ 2, డాకర్ డెస్క్‌టాప్ (విండోస్‌లో లినక్స్ పనులు నడిపేవి) వాడితే అవీ ఆగిపోతాయి. తిరిగి కావాలంటే అదే కమాండ్‌లో ఆఫ్ బదులు ఆటో అని పెట్టి, టిక్కులు మళ్లీ పెట్టుకోవడమే.

రాయగడ స్టోరేజ్:

తాబేలు సంగతి అన్న చెప్పారు. బూట్‌కి ఏడెనిమిది నిమిషాలంటే మాత్రం డిస్కు పాపం కూడా ఉంది. బూట్ అవుతున్నప్పుడు విండోస్ చదివేవన్నీ చిన్న చిన్న ముక్కలు. యూఎస్‌బీ హార్డ్‌డిస్కులో ముల్లు ప్రతి ముక్కకీ జరగాలి. సెకనుకు ఒక వంద ముక్కలు చదివితే గొప్ప. ఎన్‌వీఎంఈలో అదే సెకనుకు వేలల్లో సాగుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ ఒక్కటే చూశారు, పక్కన ఆ యూఎస్‌బీ డిస్కు గడి చూడండి, 100 శాతం కొడుతూ ఉంటుంది.

వర్చువల్ మీడియా మేనేజర్‌లో ఆ వీహెచ్‌డీని ఎంచుకుని కాపీ కొట్టి, రకం వీడీఐ (వర్చువల్‌బాక్స్ సొంత డిస్కు ఫైలు), డైనమిక్ అని పెట్టి సీ డ్రైవ్‌లోకి తెచ్చుకోండి. 140 జీబీ పోగా హోస్ట్‌కి కనీసం 60, 70 జీబీ ఖాళీ మిగలాలి. స్నాప్‌షాట్లు (వీఎం పాత స్థితిని దాచినవి) ఉంటే కాపీకి ముందే డిలీట్ చేసి కలిపెయ్యండి. గొలుసు పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది.

పాత మెషీన్ కాబట్టి డిస్కు ఐడీఈ కంట్రోలర్ (డిస్కుని కలిపే పాత పద్ధతి) మీద ఉండి ఉంటుంది. దాన్ని కొత్త పద్ధతి సాటా (ఏహెచ్‌సీఐ)కి మార్చండి. గెస్ట్ అడిషన్స్ (లోపలి విండోస్ కోసం వర్చువల్‌బాక్స్ ఇచ్చే డ్రైవర్లు) వేశారా? టెక్స్ట్ బ్లాకు ఈడవడానికి సగం కారణం అది లేకపోవడమే. డివైసెస్ మెనూలోంచి గెస్ట్ అడిషన్స్ సీడీ పెట్టి, ఇన్‌స్టాల్ చేసి, వీఎం ఆపి, గ్రాఫిక్స్ కంట్రోలర్ వీబాక్స్ఎస్‌వీజీఏ, వీడియో మెమరీ 128 ఎంబీ చెయ్యండి. 3డీ టిక్కు పేజ్‌మేకర్‌కి అక్కర్లేదు.

గుణుపురం సిస్టమ్స్:

కార్డు ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ నుంచే నేరుగా తెరుస్తున్నారా? అలా వద్దు. ఫైలుతోపాటు లింకు చేసిన బొమ్మలన్నీ ఆ దారినే రావాలి, పేజీ తిప్పినప్పుడల్లా ఆగుతుంది. లోపలి సీ డ్రైవ్‌కి కాపీ చేసుకుని పని చేసి, అయ్యాక బయటికి పంపండి. హోస్ట్ యాంటీవైరస్‌లో వీడీఐ ఉన్న ఫోల్డర్‌ని మినహాయింపుల్లో పెట్టండి. ఇంకోటి, విండోస్ 7కి 2020 జనవరి 14 తర్వాత మామూలు వాడకందార్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు. కంపోజింగ్‌కి నెట్టు పని లేదుగా, నెట్‌వర్క్‌ని ‘నాట్ అటాచ్డ్’లో ఉంచండి.

కార్డుల కంపోజింగ్ (పర్లాకిమిడి):

తాబేలే! లాగ్‌లో స్నెయిల్ వరస కూడా ఉంది. నాలుగు మెట్లూ చేశాక చిప్ బొమ్మ వచ్చింది. 2 జీబీ, 2 సీపీయూ చేశాను. గెస్ట్ అడిషన్స్ వేశాక బ్లాకు మౌస్‌తోపాటే కదులుతోంది, వత్తులు వెంటనే పడుతున్నాయి. వీడీఐ ఎన్‌వీఎంఈలోకి వచ్చాక బూట్ నిమిషం లోపే. కానీ రాయగడ అన్న చెప్పినట్టు కంట్రోలర్‌ని సాటాకి మార్చగానే నీలి తెర వస్తోంది, స్టాప్ కోడ్ చివర 7బి అని ఉంది. ఏటి చెయ్యాలి?

రాయగడ స్టోరేజ్:

ఆ హెచ్చరిక నేనే ముందు రాయాల్సింది. 7బి అంటే విండోస్‌కి తన బూట్ డిస్కు కనబడలేదని. పాత డెస్క్‌టాప్‌లో ఐడీఈ డ్రైవర్ ఒక్కటే వాడుకలో ఉంది, ఏహెచ్‌సీఐ డ్రైవర్ బూట్‌లో లేవదు. డేటాకి ఏమీ కాలేదు, కంగారు పడకండి.

డిస్కుని మళ్లీ ఐడీఈ మీదే పెట్టండి. స్టోరేజ్ సెట్టింగుల్లో సాటా కంట్రోలర్ ఒకటి అదనంగా చేర్చి, దాని కింద 1 జీబీ ఖాళీ వీడీఐ ఒకటి సృష్టించి తగిలించండి. ఇప్పుడు వీఎం లేపితే విండోస్ 7 ఎప్పటిలా ఐడీఈ నుంచి లేచి, కొత్త కంట్రోలర్‌ని చూసి డ్రైవర్ తనే వేసుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో ఏహెచ్‌సీఐ కంట్రోలర్ పేరు పసుపు గుర్తు లేకుండా కనబడాలి. ఒకసారి రీస్టార్ట్ చేసి, పూర్తిగా షట్‌డౌన్ చెయ్యండి. సేవ్ స్టేట్ కాదు. ఆ తర్వాత అసలు డిస్కుని ఐడీఈ నుంచి తీసి సాటా పోర్ట్ 0కి తగిలించి, ఆ ఖాళీ డిస్కు తీసెయ్యండి. తీసేటప్పుడు ఫైలు డిలీట్ చెయ్యాలా అని అడిగితే ఏ డిస్కు పేరు చూపిస్తోందో రెండుసార్లు చదవండి.

కంట్రోలర్ పక్కన ‘యూజ్ హోస్ట్ ఐ/ఓ క్యాష్’ టిక్కు ఉంటుంది. ఐడీఈకి అది మామూలుగా ఆన్, సాటాకి ఆఫ్. ఆఫ్‌లోనే ఉంచండి. ఆన్‌లో ఉంటే లోపలి విండోస్ డిస్కు మీద రాసేశాననుకున్నది ఇంకా హోస్ట్ ర్యామ్‌లోనే ఉండొచ్చు. బ్యాటరీ బలహీనపడిన ల్యాప్‌టాప్‌కి కరెంటు పోతే సేవ్ చేసిన కార్డు కూడా పాడయ్యే వీలుంది.

బరంపురం బెంచ్:

ఒక్కటి చేర్చాలి. వీఎం కిటికీ వెనక్కి వెళ్లినప్పుడు మాత్రమే మందగిస్తే, అది విండోస్ 11 దాన్ని చిన్న కోర్ల మీదికి నెట్టడం వల్ల. ఛార్జర్ పెట్టి, పవర్ మోడ్‌ని ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’ చెయ్యండి. యూఎస్‌బీ డిస్కులోని పాత వీహెచ్‌డీని అప్పుడే చెరపకండి. రెండు మూడు వారాలు కొత్త దానిమీద పని చేసి, పాత కార్డులన్నీ సరిగా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే తీసెయ్యండి.