మెడనొప్పి నెలలైనా వదలట్లేదు, మూలం ఎక్కడ?

నరసాపురం_అల్లిక:
పొద్దస్తమానం తలొంచుకుని లేసు అల్లేవాళ్లకి మెడనొప్పి మామూలే. మూడు నెలలైనా పోకపోతే? ఎక్స్‌రే చూసి ‘అరుగుదల’ అని పంపేస్తున్నారు.

అమలాపురం_ఫిజియో:
నలభై దాటాక నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేలోనూ అరుగుదల కనిపిస్తుందండి. దాంతో సరిపెట్టుకుంటే అసలుది దొరకదు. నొప్పి ఎందాకా పాకుతోందో ముందు చూడాలి. మెడ, భుజం పైభాగంలోనే ఉండి, సాయంత్రానికి ముదిరి, నడుం వాలిస్తే తగ్గితే చాలావరకు కండరాలు, కీళ్లే. చేతిలోకి దిగితే ఏ వేళ్లకో చూడండి. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కితే మెడలో ఆరో నరం, నడిమివేలైతే ఏడోది, చిటికెనవేలైతే ఎనిమిదోది. చెయ్యి ఎత్తి తలమీద పెట్టుకుంటే నొప్పి తేలికపడటం కూడా నరం నొక్కుకుందనడానికి గుర్తే.

నరసాపురం_అల్లిక:
రాత్రి తిమ్మిరితో మెలకువొచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే?

అమలాపురం_ఫిజియో:
అప్పుడు మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమోనని అనుమానం. సూది పట్టే చేతికి ఇది ఎక్కువ. షుగరు, థైరాయిడ్ ఉంటే ఇంకాను. మెడకీ మణికట్టుకీ కలిపి ఉండటం కూడా జరుగుతుంది, నరాల పరీక్షలో తేలుతుంది.

కొత్తపేట_దింపు:
కొబ్బరి దింపువాళ్లలో మెడ అనుకున్నది భుజమై ఉంటుంది. మెడ కదపకుండా చెయ్యెత్తండి, తర్వాత చెయ్యి కదపకుండా మెడ తిప్పండి. దేనికి నొప్పి రేగితే అటు వెతకాలి. షుగరున్నవాళ్లకి భుజం బిగుసుకుపోవడం తరచూ చూస్తాం.

భీమవరం_ఎముకలు:
ఇవి మాత్రం ఆలస్యం చేయొద్దు. బొత్తాలు పెట్టుకోలేకపోవడం, చేలగట్టు మీద తూలడం, మూత్రం పట్టు తప్పడం: వెన్నుపాము నొక్కుకుంటోందేమో, వెంటనే ఎంఆర్‌ఐ. జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా ఆగని నొప్పి ఉంటే క్షయ, క్యాన్సర్ కోసం చూడాలి. ఒంట్లో వాపుని పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీతో మొదలు. నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి మెడకీ దవడకీ పాకితే ముందు గుండె సంగతి, ఈసీజీ.
సెలూన్‌లో మెడ విరిపించుకోవడం మానండి. మెడ రక్తనాళం లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు.

నరసాపురం_అల్లిక:
అవేమీ లేకపోతే ఎంఆర్‌ఐ అక్కర్లేదా?

అమలాపురం_ఫిజియో:
చేతిలో పట్టు తగ్గకపోతే తొందర లేదు. ఆరు వారాలు వ్యాయామం చేసినా చేతి నొప్పి అలాగే ఉంటే తీయించాలి. ఈలోగా ఒళ్లో దిండు పెట్టి అల్లిక ఎత్తు పెంచండి, అరగంటకోసారి లేవండి. రెండు వారాల్లో తేడా కనిపిస్తే తప్పు కూర్చునే తీరులోనే ఉన్నట్టు.