అనిత్యం అన్నా తాత్కాలికం అన్నా ఒకటేనా?

పదాలపిచ్చోడు:
విపశ్యన అనే బౌద్ధ ధ్యానపద్ధతి గురించి తెలుగులో రాసేవాళ్లు చాలామంది "అంతా తాత్కాలికమే" అని రాస్తున్నారు, అక్కడ ఉండాల్సింది అనిత్యం. తాత్కాలికం అంటే ఇప్పటికి పని నడవడానికి పెట్టుకున్నది, తాత్కాలిక ఉద్యోగి, తాత్కాలిక షెడ్డు, అంటే అసలుది తర్వాత వస్తుందని అర్థం. అనిత్యం అలా కాదు, పర్మనెంట్ ఉద్యోగం కూడా అనిత్యమే!

మాటలమూట:
అంత పట్టింపు ఎందుకండీ. మామూలు వాడుకలో నిత్యం అంటే రోజూ, నిత్యావసరాలు, నిత్యకృత్యం... అనిత్యం అంటే రోజూ జరగనిదేమో అనుకునేవాళ్లున్నారు. "ఏదీ ఉండిపోదు" అంటే సరిపోయేదానికి ఇంత సంస్కృతం దేనికి?

పదాలపిచ్చోడు:
"ఏదీ ఉండిపోదు" అనండి, తాత్కాలికం కంటే వెయ్యి రెట్లు నయం.

సూరిశిష్యుడు:
నిత్యం అర్థం చోటుని బట్టి మారుతుంది లెండి. వ్యాకరణంలో ఉత్వసంధి నిత్యం అంటే తప్పనిసరి అని, దానికి ఎదురుమాట వైకల్పికం. ఇక అసలు విషయం, గీత 2.14లో చలీ వేడీ సుఖం దుఃఖం "ఆగమాపాయినోఽనిత్యాః", వచ్చిపోయేవి, ఓర్చుకో అంటాడు. ఇక్కడ తాత్కాలికం అంటే తప్పేముంది? ఎందుకంటే 2.20లో ఆత్మని "అజో నిత్యః" అన్నాడు, అంటే తాత్కాలికానికి ఎదురుగా ఉండాలని మీరంటున్న ఆ "అసలుది", నిత్యమైనది, అక్కడ ఉంది.

పదాలపిచ్చోడు:
మాస్టారూ, నేను మాట్లాడేది విపశ్యన గురించి, అది బౌద్ధం. పాళీ బౌద్ధగ్రంథం ధమ్మపదం 277లో "సబ్బే సంఖారా అనిచ్చా" (సంఖారాలన్నీ అనిత్యం), రెండు గాథలు దాటితే "సబ్బే ధమ్మా అనత్తా" (ధమ్మాలన్నీ అనాత్మ). వెనకాల మారకుండా కూర్చున్న ఆత్మే లేదంటుంటే ఇది తాత్కాలికం అని ఎలా అంటారు, దేనితో పోల్చి?

సూరిశిష్యుడు:
ఒక్కటి గమనించారా, మొదటిదాంట్లో సంఖారా, రెండోదాంట్లో ధమ్మా. సంఖారా అంటే కారణాల వల్ల ఏర్పడినవి, ధమ్మా అంటే ఉన్నవన్నీ. నిబ్బానం, అంటే నిర్వాణం, సంఖారాల్లోకి రాదు, అంటే అనిత్యం కానిది బౌద్ధంలోనూ ఒకటి మిగిలింది.

పదాలపిచ్చోడు:
మిగిలింది, కాదనను. కానీ షెడ్డు తీసేసి బిల్డింగ్ కట్టినట్టు దీని చోట్లోకి వచ్చేది కాదుగా అది. తాత్కాలికం అనగానే పాఠకుడు ఆ బిల్డింగ్ కోసమే చూస్తాడు, నా పేచీ అంతా అక్కడే.

మాటలమూట:
మరి క్షణికం? అదీ వాడేస్తున్నారు.

సూరిశిష్యుడు:
అది ఇంకో లెక్కండీ. కొండ యుగాలు నిలబడ్డా అనిత్యమే. ప్రతి వస్తువూ క్షణక్షణం నశిస్తుందనేది క్షణికవాదం, బౌద్ధంలోనే తర్వాత వచ్చిన వాదం, దాన్ని ఒప్పుకోకుండా కూడా అనిత్యం అనొచ్చు. వాడుకలో అయితే క్షణికావేశం దగ్గర తప్ప ఆ మాట జోలికి పోకపోవడం మంచిది.