స్టార్చ్‌తో నీళ్లలోని రాగి తీస్తున్నా, ఫిల్టర్ దగ్గర ఇరుక్కుపోయా

ప్రాజెక్టు కోసం మొక్కజొన్న స్టార్చ్‌ని సోడియం హైడ్రాక్సైడ్, మోనోక్లోరోఅసిటిక్ ఆమ్లంతో కార్బాక్సీమిథైల్ స్టార్చ్‌గా (లోహ అయాన్లను పట్టుకునే కార్బాక్సీమిథైల్ సమూహాలు ఎక్కించిన స్టార్చ్) మార్చి కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తున్నాను. రాగి అయాన్లను పట్టుకుంటోంది, పొడి నీలంగా మారడం కంటికే కనిపిస్తోంది. గొడవంతా ఆ తర్వాతే. స్టార్చ్ నీళ్లు పీల్చుకుని జిగురులా ఉబ్బి, ఫిల్టర్ పేపర్ మీద పొరలా అంటుకుని చుక్క కూడా కిందికి దిగనివ్వడం లేదు, పైగా కొంత కరిగి నీళ్లలోనే ఉండిపోతోంది, అంటే అది పట్టుకున్న రాగి కూడా అక్కడే ఉన్నట్టేగా!

ఎపిక్లోరోహైడ్రిన్ అనే రసాయనంతో క్రాస్‌లింక్ చేస్తే, అంటే స్టార్చ్ గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేస్తే, కరగదని తెలుసు, కానీ దానితో క్యాన్సర్ ముప్పుంది, సరైన ఫ్యూమ్ హుడ్ (ల్యాబ్‌లో విష ఆవిర్లను బయటికి లాగేసే గూడు) లేకుండా దాని జోలికి వెళ్లను. బదులుగా సోడియం ట్రైమెటాఫాస్ఫేట్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందు క్రాస్‌లింక్ చేసి తర్వాత కార్బాక్సీమిథైల్ సమూహాలు ఎక్కించాలా, అటుదిటు చేసినా పర్లేదా?

ఇంకో డౌట్. పీహెచ్ 5 దగ్గర ఉంచుతున్నాను, ఎందుకంటే మరీ తగ్గితే హైడ్రోజన్ అయాన్లు రాగితో పోటీకొస్తాయి, 6 దాటితే రాగి హైడ్రాక్సైడ్‌గా అవక్షేపమై ఆ ఘనత కూడా స్టార్చ్ ఖాతాలో పడుతుంది. మరి నీళ్లలో కాల్షియం ఉంటే అదీ పోటీకొస్తుందా? వాడిన స్టార్చ్‌ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, రాగిని వదిలించి మళ్లీ వాడినవాళ్లు ఎంత గాఢత తీసుకున్నారో చెప్పండి, ఎక్కువైతే స్టార్చే తెగిపోతుందని టెన్షన్‌గా ఉంది.